చెట్టు చాటు

నవలలు రాసేవాళ్ళకి వేరే పనేం ఉంటుందిలే అన్న నమ్మకం మన బంధుమిత్రుల్లో గట్టిగా పాతుకుపోయి ఉంటుంది. అందుకే ఎవరింట్లో పెళ్ళయినా శుభలేఖ రాసే పని నాది, ఎవరి పిల్లకి ఉపన్యాసప్పోటీ ఉన్నా రాసిపెట్టే పని నాది. ఈసారి పిలుపు మాత్రం కొత్తరకం.

పద్మావతీ కాలేజీలో నా పక్కన కూచుని చదువుకున్న స్నేహితురాలు చంద్రగిరి అవతల ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్సు. "బడి వెనక పెద్ద కానగచెట్టు ఉందే. దాని కింద ఆరుబయట తరగతి ఒకటి ఏర్పాటు చేద్దామనుకుంటున్నాను. కాస్త పాఠాలకి, కాస్త పిల్లలు మనసు కుదుటపడేట్టు ఊరికే కూచోడానికి. నువ్వొచ్చి ఎట్లా ఉంటే బాగుంటుందో చెప్పు" అంది ఫోన్లో.

నా ఉత్సాహం చూడాలి! ఆ రాత్రి భోజనాల దగ్గర మావారికి చిన్నసైజు ఉపన్యాసం ఇచ్చాను. 1901లో రవీంద్రుడు శాంతినికేతనంలో చెట్లకింద బడి పెట్టాడన్నాను. 1904లో జర్మనీలో, బెర్లిన్ పక్కనే, నలతగా ఉండే పిల్లలకోసం అడవిలో బడి తెరిచారన్నాను. అంత దూరం ఎందుకు, మన మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ లేదూ? మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు ఆ లోయలో మర్రిచెట్టును చూసే కదా అక్కడ బడి పెట్టాలనుకున్నది! ఇప్పటికీ అక్కడి పిల్లలు సాయంత్రంపూట గుట్టమీద చేరి, మాటా పలుకూ లేకుండా సూర్యాస్తమయం చూస్తారు. దానికి 'అస్తాచల్' అని పేరు. చుట్టుపక్కల పల్లెపిల్లలకీ ఆ సంస్థవాళ్ళు చిన్నచిన్న బడులు నడుపుతున్నారు.

మావారు మజ్జిగన్నంలోకి వచ్చేశారు. అమ్మ మాత్రం చేయి కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏమే, పిల్లోళ్ళను మళ్ళీ చెట్టుకిందికి తోలతారా?" అంది.

మా అమ్మ పుత్తూరు వైపు ఒక పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాల టీచరు. బడి అంటే ఒక చింతచెట్టు, ఒక నల్లబల్ల, ఒక అమ్మ. అంతే. ఐదు తరగతులూ ఆ చెట్టు చుట్టూనే. వానొస్తే గుడి మంటపంలోకి పరుగు. ఒక గదికోసం ఆమె పెట్టుకున్న అర్జీలు పోగేస్తే నా నవల ఒకటి వస్తుంది. 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డ్ పథకం వచ్చింది. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలన్నారు. దాని పుణ్యమా అని ఆ ఊరికీ గదులు వచ్చాయి. తాళంచెవి చేతికిచ్చిన రోజు అమ్మ ఇంటికొచ్చి పాయసం వండింది.

"ఉన్నోళ్ళ పిల్లలు చెట్టుకింద కూచుంటే ప్రకృతి. లేనోళ్ళ పిల్లలు కూచుంటే గతిలేక. నువ్వు చెప్పేవి బాగానే ఉండాయి. వానొస్తే లోపలికి పోవడానికి గది ఉండాదా, అది చెప్పు ముందు."

నా దగ్గర జవాబు లేదు. శాంతినికేతనం, బెర్లిన్ రెండూ నోట్లోనే ఆగిపోయాయి. గదులున్నాయో లేదో నేను అడగనే లేదు మరి!

మర్నాడు అమ్మను వెంటబెట్టుకునే వెళ్ళాను. గదులున్నాయి, ఫ్యాన్లున్నాయి, పంపులో నీళ్ళున్నాయి. అమ్మ అన్నిటినీ తిప్పి చూసి, ఫ్యాను కూడా వేయించి చూసి, అప్పుడు బయటికి నడిచింది. అక్కడినుంచి రచయిత్రి పని ఏమీ లేకుండా పోయింది.

నా స్నేహితురాలు కడపబండలతో బెంచీలు అనుకుంది. "చెట్టునీడ దాటి ఒక్క జానెడు బయటికొచ్చినా మధ్యాన్నానికి ఆ బండ పెనమే. పిల్లోళ్ళకు వాతలు పడతాయి. మట్టితిన్నెలు కట్టి అలకండి" అంది అమ్మ. పొద్దున నీడ పడమటికి పడుతుంది కాబట్టి తిన్నెలు ఆ వైపే ఉండాలంది. పిల్లల వీపు రోడ్డుకి ఉండాలి, లేకపోతే పోయే ప్రతి బస్సూ పాఠంలోకి వస్తుందంది. మన వైపు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ మూడునెలలూ దీన్ని నమ్ముకోవద్దంది. ఒంటిపూట బడుల రోజుల్లో పొద్దున్నే మొదటి పీరియడు ఇక్కడ, ఎండ ఎక్కగానే లోపలికి అంది. హెడ్మిస్ట్రెస్సు బుద్ధిగా రాసుకుంటూ కూచుంది.

అంతా అయిపోయిందనుకున్నాక అమ్మ చెట్టు వెనక్కి వెళ్ళింది. అటువైపు చేలు, ఆపైన కొండలు.

"ఇక్కడొకటి కట్టండి. ఒక్కరు కూచునేంత. తరగతికి వీపు పెట్టి" అంది.

"ఒక్కరికెందుకమ్మా?" అన్నాను.

అమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత కొండలకేసి చూస్తూనే చెప్పింది. 1984లో నాన్న పోయినప్పుడు నాకు ఐదేళ్ళు. పదిహేనో రోజుకి అమ్మ బడికి వెళ్ళింది. సెలవు లేదు, ఇంకో టీచరు లేడు. పాఠం చెప్తూ చెప్తూ దుఃఖం పొంగుకొస్తే చింతచెట్టు వెనక్కి వెళ్ళి నిలబడేదట. ఐదో తరగతి లీడరు అది గమనించి, ఆమె అటు వెళ్ళిందంటే చాలు, అందరిచేతా గట్టిగా ఎక్కాలు చెప్పించేవాడట. ఆమె తిరిగొచ్చేదాకా పన్నెండో ఎక్కం ఎన్నిసార్లయినా సాగేదట.

"గదులొచ్చినాయి, సంతోషమే. చెట్టు చాటు మాత్రం పోయింది. నాలుగు గోడల మధ్య అందరూ కనపడతానే ఉంటారు. పిల్లోళ్ళకు కూడా ఉంటాయి కదమ్మా ఏడుపులు. ఇంట్లో ఏం జరిగి వచ్చినాడో మనకేం తెలుసు?"

ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఊళ్ళోవాళ్ళ కన్నీళ్ళన్నీ నవలల్లోకి ఎక్కించుకున్నదాన్ని, మా అమ్మ ఎక్కడ ఏడ్చిందో తెలుసుకోలేదు.

నెల తిరిగేసరికి తిన్నెలు లేచాయి. నలభై రోజుల తర్వాత వెళ్ళి చూశాం. పిల్లలు కానగచెట్టు కింద పువ్వులు ఏరి పదేసి కుప్పలు పెట్టి లెక్క నేర్చుకుంటున్నారు. చెట్టు వెనక ఒంటి తిన్నెకి ఒకటే నియమం. అక్కడ కూచున్నవాళ్ళను 'ఏమైంది' అని ఎవరూ వెంటనే అడగకూడదు. మూడో తరగతి పాప ఒకతి రోజూ పొద్దున కాసేపు కూచుని, తనంతట తానే లేచి తరగతిలోకి వస్తోందట. ఇంకా ఏమీ చెప్పలేదట. ఫరవాలేదు, చెప్పేదాకా ఆగుతానంది నా స్నేహితురాలు.

పాప లేచి వెళ్ళాక అమ్మ నెమ్మదిగా వెళ్ళి ఆ తిన్నెమీద కూచుంది. చాలాసేపు కొండలు చూసింది. నేను దూరంగానే నిలబడ్డాను. నియమం నియమమే కదా!

లేచొచ్చి, చీర దులుపుకుంటూ, "ఎత్తు సరిపోయింది" అంది.