నడుం నొప్పీ, నలభై మాత్రలూ

మా నాయనమ్మ పోయాక ఆవిడ భోషాణం సర్దే పని నా మీద పడింది. పట్టుచీరలు తలా ఒకటి పంచుకున్నారు. వెండి కుంకుమభరిణె దగ్గర మా మేనత్తలిద్దరూ ఓ పూటంతా మాట్లాడుకోవడం మానేశారు. ఎవరూ అడగనిది, నాకు మిగిలినది, అరచేతిలో ఇమిడే ఓ రేకు డబ్బా. కంపెనీ పేరున్న చోటంతా తుప్పు తినేసింది. అంచున మాత్రం ‘కిడ్నీ’ అన్న ఇంగ్లీషు ముక్క ఇంకా కనబడుతోంది. లోపల జాకెట్టు హుక్కులు, రెండు పిన్నీసులు, కన్ను విరిగిన ఓ సూది.

ఆ డబ్బా కథ నాకు తెలుసు. నాయనమ్మకి వాళ్ళ అత్తగారు, అంటే మా తాతమ్మ, చెప్పింది. నాయనమ్మ నాకు చెప్పింది.

1924 ప్రాంతం. ప్రత్తిపాడు పక్క పల్లెలో మా ముత్తాతకి ఒళ్ళు ఉబ్బడం మొదలైంది. పొద్దున లేచేసరికి మొహం, సాయంత్రానికి కాళ్ళు. వేలితో నొక్కితే గుంటపడి అలాగే ఉండిపోయేదట. తాతమ్మ పల్లేరుకాయల కషాయం కాచింది, గలిజేరాకు వండిపెట్టింది, ఉలవకట్టు తాగించింది. ముత్తాత మాత్రం నాలుగక్షరాలు చదువుకున్నవాడు. ఇంటికి పత్రిక తెప్పించుకునేవాడు. అందులో ఓ ప్రకటన ఆయన కంట పడింది. నడుం పట్టుకుని వంగిపోయిన మనిషి బొమ్మ. కింద ప్రశ్నలు. నడుం నొప్పా? కళ్ళ కింద వాపా? రాత్రిళ్ళు లేస్తున్నారా? అయితే మీ మూత్రపిండాలు చెడిపోతున్నాయి, ఆలస్యం చేయకండి!

మాత్రలు వి.పి. పార్శిలులో వచ్చాయి. మర్నాడు పొద్దున్నే దొడ్లోంచి ముత్తాత కేక. తాతమ్మ చెంబు కింద పడేసి పరుగెత్తింది. చూస్తే ఏముంది, మూత్రం నీలంగా వచ్చింది! ఇంటిల్లిపాదీ ముందు హడలిపోయారు. తరవాత పార్శిలులో వచ్చిన కాయితం చదివించుకుని సంబరపడ్డారు. ఒంట్లో విషమంతా దిగిపోతోందన్నమాట. ఊళ్ళో సగంమంది మగవాళ్ళు ఆ వింత చూసిపోయారట. ఛీ అనకండి, సినిమాలు లేని పల్లె మరి.

అసలు సంగతి నేను చాలా ఏళ్ళకి చదివి తెలుసుకున్నాను. ఆ రోజుల్లో కొన్ని కిడ్నీ మాత్రల్లో మెథిలీన్ బ్లూ అనే రంగు కలిపేవారు. అది మూత్రంలో కలిసి నీలంగానో పచ్చగానో బయటికొస్తుంది, అంతే. పంచెలకి మనం పెట్టే నీలిమందుతో దానికి చుట్టరికం లేదు గాని, చేసే పని అదే. ఉతుకు ఎలా ఉన్నా చూసేవాళ్ళ కళ్ళకి తెల్లగా అనిపించడం!

ఎనిమిది డబ్బాలు వాడారు. ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బులో కొంత అలా పోయింది. తొమ్మిదో డబ్బా వచ్చేసరికి ముత్తాత పోయి పదకొండు రోజులు. తిప్పి పంపవచ్చు. తాతమ్మ డబ్బు కట్టి తీసుకుంది. ఎందుకని నాయనమ్మ అడిగితే, “ఆయన పేరున వచ్చిందే అమ్మాయ్. తిప్పి పంపితే మనిషి లేడని రాస్తాడుగా పోస్టువాడు” అందట. మాత్రలు పెంటదిబ్బలో పోసి డబ్బా దాచుకుంది. నా దగ్గరున్నది అదే.

మాత్రలే ఆయన్ని చంపాయని నేననను. అప్పటికి గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ గారి ఆసుపత్రి వచ్చి పాతికేళ్ళు దాటింది. కానీ ఏ ఊరి డాక్టరుకైనా ఈ జబ్బు దగ్గర చేతులు కట్టేసినట్టే. ఇంగ్లండులో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు 1827లోనే దీన్ని వర్ణించాడు. ఆయన పేరే దీనికి పెట్టారు. పేరైతే వచ్చింది గాని మందు రాలేదు. రక్తాన్ని శుభ్రం చేసే యంత్రాన్ని హాలెండులో కోల్ఫ్ అనే ఆయన రోగికి పెట్టింది 1943లో. అంతకు ముందు విశ్రాంతి, పాలు, ఉప్పు తగ్గించడం, ఇవే వైద్యం. ఇక్కడే నాకు కడుపు మండేది. మాత్రలు పథ్యం అడగలేదు. ముత్తాత చివరి నెల దాకా గోంగూర పచ్చడి మానలేదు.

ఆ కాలంలో కిడ్నీ మాత్రలన్నిటిలోకీ పెద్ద పేరు డోన్స్ వారిది. నడుం నొప్పి పేరు కూడా కలిపి దేశదేశాల పత్రికల్లో ప్రకటించుకునేవారు. 1909లో బ్రిటిష్ డాక్టర్ల సంఘం ఇలాంటి రహస్య మందులని విప్పి చూసి పుస్తకం వేసింది. డోన్స్ మాత్రలో ఏముందనుకున్నారు? జూనిపర్ నూనె, ఓ చెట్టు జిగురు, సూరేకారం, గోధుమపిండి, మొక్కజొన్న పిండి... మెంతిపిండి! అవునండీ, మన పోపులపెట్టెలో మెంతులే. నలభై మాత్రల డబ్బా రెండు షిల్లింగుల తొమ్మిది పెన్నీలు. సూరేకారానికి మూత్రం ఎక్కువ తెప్పించే గుణం ఉంది కనక, మందు పనిచేస్తున్నట్టే అనిపిస్తుంది.

మందుల ప్రకటనలన్నీ పాపమని కాదు. మన పత్రికలకి అన్నం పెట్టిందీ మందులే. కాశీనాథుని నాగేశ్వరరావు గారికి 1893లో అమృతాంజనం, 1908లో ఆంధ్రపత్రిక. కేసరి గారికి లోధ్ర, ఆ తరవాత 1928లో ఆడవాళ్ళ కోసం గృహలక్ష్మి. తలనొప్పికి తలనొప్పి మందు అమ్మితే పేచీ ఏముంది? నడుం నొప్పిని మూత్రపిండాల జబ్బుగా మార్చి అమ్మడంలో ఉంది కిటుకు. నడుం నొప్పి లేనిదెవరికి? మా వైపు మిరపచేలో పొద్దున వంగిన ఆడమనిషి సాయంత్రానికి గాని లేవదు. పొదిలి, దర్శి, కనిగిరి వైపయితే నీళ్ళలో ఫ్లోరైడు వల్ల మనుషుల వెన్నులే బిగుసుకుపోతున్నాయని 1937లో డాక్టర్లు రాశారు. ఇందరి నొప్పికీ ఒకటే డబ్బా!

1954లో ఇలాంటి ప్రకటనలు కూడదని చట్టం వచ్చింది. అందులోని జబ్బుల జాబితాలో బ్రైట్స్ వ్యాధి పేరూ ఉంది, మూత్రపిండాల్లో రాళ్ళూ ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నారా? నేనూ అనుకున్నాను, మా అమ్మ సంగతి తెలిసేదాకా.

అమ్మకి మోకాళ్ళ నొప్పి, నడుం నొప్పి. ఆరేళ్ళపాటు మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని మింగింది. చీటీ లేదు, పరీక్ష లేదు. మొన్నటేడు కాళ్ళు వాస్తే రక్తపరీక్ష చేయించాం. క్రియాటినిన్ 2.4. నొప్పి బిళ్ళలు అన్నేళ్ళు అలా మింగడమే చాలావరకు కారణమన్నారు డాక్టరమ్మ గారు. తాతమ్మ కాలంలో నడుం నొప్పికి మూత్రపిండాల మాత్ర, అమ్మ కాలంలో నడుం నొప్పి మాత్రకి మూత్రపిండాలు!

ఇక నా నిర్వాకం వినండి. ఎమ్మే చదివాను, నవలలు రాస్తాను. అయినా ఒక అర్ధరాత్రి ఫోన్లో, డయాలిసిస్ తప్పిస్తామన్న మూలికల పొడి ప్రకటన చూసి పద్ధెనిమిది వందలకి తెప్పించాను. డబ్బు పార్శిలు వచ్చాకే కట్టాలి, అచ్చం వి.పి.! అమ్మకి బలం పొడి అని చెప్పి పాలల్లో కలిపాను. ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ అడిగితే కళ్ళలోకి చూస్తూ లేదండీ అన్నాను.

భోషాణం సర్దింది ఆ తరవాతే. డబ్బా చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో! మర్నాడే ఆ పొడి సీసా హ్యాండుబ్యాగులో వేసుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆవిడ కోప్పడలేదు, అదే బాధగా ఉంది. 1993లో బ్రస్సెల్స్‌లో సన్నబడే మందు వాడిన ఆడవాళ్ళ మూత్రపిండాలు పాడయ్యాయని వైద్య పత్రికలో వచ్చిందిట. ఆ మందులో కలిసిన మూలిక మన ఈశ్వరి తీగ జాతిదేనట. “చెట్టుదైనా అడక్కుండా వెయ్యకండమ్మా” అంది.

బయటికొచ్చాక అమ్మ, “పద్ధెనిమిది వందలా? పోన్లే, తొమ్మిది తెప్పించలేదు” అంది.

ఇంటికొచ్చి పొడి పారబోసి సీసా కడిగి ఎండలో పెట్టింది. మూత గట్టిగా ఉందిట, జీలకర్రకి పనికొస్తుందిట.