బేరం ముగిసిన తర్వాత

ములుగు అనగానే చాలామంది మేడారం జాతరనో, రామప్ప గుడినో తలచుకుంటారు. మాది ఆ ములుగు కాదు. రాజీవ్ రహదారి మీద, ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న సిద్దిపేట జిల్లా ములుగు. కరీంనగర్ దారిన పోయే బండ్ల మోత వింటూ పెరిగినందువల్లనో ఏమో, మా అన్నదమ్ములిద్దరికీ చిన్ననాటి నుండి యంత్రాల మీద మమకారం. పాత బుల్లెట్ చప్పుడు వినబడితే చేతిలోని పని ఆపి తల ఎత్తేవాళ్ళము.

అలాంటి బండి ఒకటి పక్క ఊరిలో, పశువుల కొట్టంలో పడి ఉందని నిరుడు వేసవిలో తెలిసింది. యజమాని కన్నుమూసి పదకొండేళ్ళయింది. ఆయన భార్య దానిని పాత ఇనుము కింద అమ్మజూస్తున్నది. మేము వెళ్ళేసరికి బండి మీద గడ్డి మోపులున్నాయి. వాటిని తొలగించగానే హెడ్‌లైటుకు అటూ ఇటూ చిన్న కళ్ళలాంటి రెండు దీపాలు, ఎవరూ మార్చని పాత పనిముట్ల పెట్టె కనిపించాయి. అది ఎంత అపురూపమైన బండో మాకు అక్కడే అర్థమైంది. కానీ ఇద్దరమూ ముఖాలను నిర్లిప్తంగా ఉంచుకున్నాము.

"ఇనుప సామాన్ల పిలగాడు ఎనిమిది వేలిస్తనన్నడు బిడ్డా, మీరెంతిస్తరు?" అని అడిగిందామె. పన్నెండు వేలు అన్నాము. ఆమె సంతోషంగా ఒప్పుకున్నది. మేమూ సంతోషంగానే ట్రాలీ ఆటోలో బండిని ఇంటికి తెచ్చుకున్నాము.

మా అబ్బా నలభై ఏళ్ళు మెకానిక్కుగా పనిచేసిన మనిషి. "ముందు కాగితం చూడండి, తర్వాత ఇనుము చూడండి, అప్పటిదాకా కిక్కు మీద కాలు పెట్టకండి" అన్నారు. ఫ్రేము మెడ మీది నంబరును, ఇంజను మీది నంబరును డీజిలుతో కడిగి ఆర్సీ పుస్తకంతో పోల్చాము. రెండూ సరిపోయాయి. తయారైన సంవత్సరం 1972. సైన్యం అవసరాల కోసం 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్ తయారీ, తిరువొత్తియూరు కర్మాగారంలో సాగుతూ వచ్చిన కాలపు బండి అది.

తర్వాత ప్లగ్గు విప్పి, సిలిండరులో కొంచెం ఆయిలు, డీజిలు కలిపి పోసి మూడు రోజులు వదిలేశాము. నాలుగో రోజున పిస్టను మెల్లగా కదిలింది. ఆయిలు చూసే పుల్ల మాత్రం పొడిగా వచ్చింది. కొత్త ఆయిలు పోయబోతుంటే అబ్బా ఆపారు. ఈ ఇంజనులో ఆయిలు గది వేరుగా ఉంటుంది. బండి ఏళ్ళ తరబడి నిలిచిపోతే ఆయిలు పంపు గుండా జారి క్రాంకు కిందికి చేరుతుంది. అది తెలియక పైన మళ్ళీ పోస్తే పొగ కమ్ముతుంది, సీళ్ళు పోతాయి. కింది బోల్టు విప్పితే తారులాంటి నల్లని మడ్డి ధారగా కారింది. గుడ్డలో వడగట్టి చూశాము. లోహపు తునకలు లేవు. లోపలి బేరింగులు బాగున్నాయన్న ధైర్యం కలిగింది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్లు వేలితో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఆ కొలతకు ట్యాపెట్లు సరిచేశాము. పాయింట్ల సందు 0.38 మిల్లీమీటరుకు అమర్చాము. టైరు మీది నాలుగు అంకెలు 3108 అని చెప్పాయి, అంటే 2008లో 31వ వారం. తొడుగు ఎంత మిగిలినా ఆ వయసు టైరును నమ్మరాదు కనుక రెండూ తీసేశాము. ట్యాంకులో గుప్పెడు నట్లు, డీజిలు వేసి తుప్పు రాలేదాకా ఊపాము. పైన మురికి తుడిస్తే, చేతితో గీసిన బంగారు రంగు గీతలు బయటపడ్డాయి.

రింగుల కోసం సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్ళినప్పుడు ఒక దుకాణదారుడు ఫోనులో ఫోటోలు చూసి, ఉన్నది ఉన్నట్టుగా 45 వేలిస్తానన్నాడు. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయని కూడా చెప్పాడు. ఆ మాటకు పొంగిపోవలసిన మేము తిరుగు ప్రయాణంలో మౌనంగా ఉండిపోయాము. చివరకు మాలో ఒకరు, "ధర ఆమెకు ఇష్టమయ్యే కదా ఇచ్చింది" అన్నారు. మరొకరు బదులు పలకలేదు.

అబ్బా అంతా విని ఒక్కటే అడిగారు: "కొట్టంలో ఉన్నప్పుడే మీకు తెలుసా?" తెలుసునని ఒప్పుకున్నాము. తడిసిన ధాన్యాన్ని పొడి ధాన్యం కింద దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సల్లం) మందలించిన సంఘటనను ఎన్నోసార్లు విన్నాము. ప్రతిసారీ అది అమ్మేవాడికి చెప్పిన మాటగానే విన్నాము. అబ్బా హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉదంతం గుర్తుచేశారు. ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరమాడితే, గుర్రం అంతకన్నా విలువైనదని ఆయనే అమ్మేవాడికి చెప్పి, ధర పెంచుకుంటూ 800 వరకు ఇచ్చారట. అమ్మేవాడు తన సరుకు లోపాన్ని దాచినట్లే, మేము ఆమె సరుకు విలువను దాచాము.

ఎలాగూ ఆమె సంతకాలు కావాలి. యజమాని మరణించాడు కనుక ముందు ఫారం 31తో బండి ఆమె పేరిట మారాలి, ఆ తర్వాత 29, 30 ఫారాలతో మా పేరిట రావాలి. కాగితాలతో పాటు, రంగులకూ క్రోమియం పూతకూ దాచుకున్న డబ్బులోంచి 33 వేలు తీసుకుని వెళ్ళాము. జరిగింది చెప్పి, "పెద్దమ్మా, నీకు ఇష్టం లేకపోతే బండినే తిరిగి తెచ్చిస్తాము" అన్నాము.

ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నది. "గప్పుడే చెప్పొద్దా బిడ్డా? మొన్న బోరు మోటరు కాలితె కమ్మలు కుదువ వెట్టిన" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. మేము మాత్రం తల దించుకున్నాము. ఆ రెండు నెలల వడ్డీ కూడా మేమే కడతామంటే ఆమె వద్దనలేదు.

పదిహేను రోజుల తర్వాత, అసర్ నమాజు ముగించి వచ్చి కిక్కు తొక్కాము. అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా మెల్లగా నొక్కి, డీకంప్రెషన్ లీవరు పట్టి కొద్దిగా దాటించి, అప్పుడు తన్నాలి. మూడో తన్నుకు పలికింది, అల్హమ్దులిల్లాహ్. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉన్న ఆ పద్ధతికి ఇంకా అలవాటు పడుతూనే ఉన్నాము. రంగు వేయించలేదు. వెలసిన ట్యాంకు మీద పాత గీతలే ఉన్నాయి.

పాత బండి కొనదలచిన సోదరులు నంబర్లు, ఆయిలు, పాయింట్లు, టైర్లు తప్పక చూసుకోండి. అమ్మేవారికి తెలియనిది మీకు తెలిస్తే, అది బేరానికి ముందే చెప్పండి. మేము తర్వాత చెప్పాము. ఆ ఆలస్యానికి ఒక ముసలితల్లి కమ్మలు రెండు నెలలు కుదువలో ఉన్నాయి.