రెండు ఏజెన్సీలు

మా వైపు ఏజెన్సీ అంటే అడవి, గూడెం. అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఏజెన్సీ అంటే ఉద్యోగాలు ఇప్పిస్తామనే ఆఫీసు. ఆ రెండో రకం ఏజెన్సీ మేమూ పెట్టాలని తిరిగాం. గదికి అద్దె కట్టి బోర్డు పెడితే చాలదు.

దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కింద కార్మిక శాఖలో నమోదు కావాలి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ కట్టాలి. సెక్యూరిటీ గార్డులను పెట్టాలంటే 2005 చట్టం కింద వేరే లైసెన్సు. గల్ఫ్‌కు పంపాలంటే 1983 వలసల చట్టం కింద కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ ఉండాలి; లేకుండా పంపితే నేరం. అప్పుడు కూడా అభ్యర్థి దగ్గర 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి.

ఇవి తెలియకే మేకలమ్మిన డబ్బు దళారుల చేతిలో పోస్తున్నాం. పైసలు తీసే ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగడం మన పిల్లలకు బడిలోనే నేర్పుదాం.