ఎనిమిది గజాల కిల్టా, ఐదు గజాల కిల్టా?

స్కాట్లండులో ఉద్యోగం చేసే మనవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య వస్తుంది. టీములో ఎవడిదో పెళ్ళి కుదురుతుంది, "నువ్వూ కిల్ట్ వేసుకుని రా" అంటాడు. అందరం మొదట అద్దెకే తెచ్చుకుంటాం. నాకు ఎడిన్‌బరాలో ఇది తొమ్మిదో ఏడు. నాలుగుసార్లు అద్దె కట్టాక ఇక కొనేద్దామని దుకాణానికి వెళ్తే, కొలతలు తీసే పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే: ఎనిమిది గజాలా, ఐదు గజాలా?

మన బుర్రలు ఎలా పనిచేస్తాయో తెలుసుగా :) ఐదు గజాలతో అయ్యే పనికి ఎనిమిదెందుకు, ఓవర్ ఇంజినీరింగ్ కాకపోతే? మా ఆవిడైతే ఇంకో మాట అంది, "ఒక్క లంగాకి అన్ని వందల పౌండ్లా?" అని.

సంగతేంటంటే, కిల్టుకి ముందువైపు రెండు పలకలు ఒకదానిమీద ఒకటి వస్తాయి. మిగతా గుడ్డంతా వెనక కుచ్చిళ్ళలోకి పోతుంది. గళ్ళ డిజైను ఒకసారి పూర్తయ్యే కొలతని 'సెట్' అంటారు. కుచ్చిళ్ళు పెట్టాక కూడా వెనక గళ్ళు చెదరకుండా ముందున్నట్టే కనబడాలంటే ఒక్కో కుచ్చిలికీ ఒక పూర్తి సెట్ కావాలి. సెట్ ఎనిమిది అంగుళాలనుకోండి. పాతిక కుచ్చిళ్ళకి 200 అంగుళాలు, అంటే ఐదున్నర గజాలు వెనక్కే అయిపోయాయి. ముందు పలకలు ఇంకా మొదలే పెట్టలేదు. ఎనిమిది గజాలు ఇలా లెక్కలోంచి వచ్చాయి. ఐదు గజాల్లో కుట్టాలంటే కుచ్చిళ్ళు తగ్గించాలి, లేదా లోతు తగ్గించాలి. తిరిగినప్పుడు ఆ ఊపు రాదు.

రెండో లెక్క బరువుది. బట్ట డబల్ పన్నాలో వస్తుంది కాబట్టి నాలుగు గజాల తానుని నిలువునా చీల్చి కలిపితే ఎనిమిది గజాలు. 16 ఔన్సుల ఉన్ని అంటే తాను గజానికి 450 గ్రాములు, కిల్ట్ మొత్తం 1.8 కిలోలు. అదే 13 ఔన్సుల బట్టలో ఐదు గజాలైతే కిలో లోపే. కేలీలో రెండు గంటలు గెంతాక ఈ తేడా నడుముకి బాగా తెలుస్తుంది. అలాగని మరీ పల్చగా, 10 ఔన్సులకి దిగితే కుచ్చిలి మడత నిలవదు. ఎడిన్‌బరా గాలి సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

"ఎనిమిది గజాలే అసలైన సాంప్రదాయం" అనేవాళ్ళతో మాత్రం నాకు పేచీ ఉంది. అంతకు ముందుది కుట్టులేని పెద్ద దుప్పటి. మన పంచెలాగే ఒంటిమీదే కుచ్చిళ్ళు పెట్టుకుని బెల్టు బిగించేవారు. 1746లో చట్టం చేసి ఆ వేషాన్నే నిషేధించారు, 1782లో ఎత్తేశారు. ఆ తర్వాత 18వ శతాబ్దం చివర్లో కుట్టిన కిల్టుల్లో గుడ్డ సుమారు నాలుగు గజాలే. ఎనిమిది గజాలు తర్వాతొచ్చిన వెర్షన్. కాబట్టి ఐదు గజాలవాడు తక్కువేం కాదు.

మరి ఏది కొనాలి? నా అభిప్రాయం ఇదీ. రెండేళ్ళ ప్రాజెక్టుకి వచ్చినవాళ్ళు హాయిగా అద్దెకి తెచ్చుకోండి. ఇండియాకి పట్టుకెళ్ళి వేసుకునే ఆలోచనుంటే ఐదు గజాలు, 13 ఔన్సులు. మే నెలలో హైదరాబాదులో 1.8 కిలోల ఉన్ని చుట్టుకోవడం పగవాడికి కూడా వద్దు. ఇక్కడే ఉండిపోయేవాళ్ళకి ఎనిమిది గజాలే, కానీ 13 ఔన్సుల్లో. ఊపూ ఉంటుంది, మడతా నిలుస్తుంది, కిలోన్నరతో పోతుంది.

నేను అదే ఆర్డరిచ్చాను. మా అమ్మమ్మ కట్టే తొమ్మిది గజాల చీరని చూసి ఐదున్నర చాలదా అని ఎవరూ అడగలేదు కదా! కానీ అసలు కారణం వేరే. మావాడికి ఆరేళ్ళు, ఇక్కడే పుట్టాడు. "నాన్నా, అది మన డ్రెస్సేనా?" అని అడిగాడు. సోమవారం తిరిగిచ్చెయ్యాల్సిన డ్రెస్సుకి ఏమని జవాబు చెప్తాం? మంచి ఉన్ని కిల్ట్ దశాబ్దాలు నిలుస్తుంది, బకిల్స్ జరిపితే నడుము ఒకటి రెండంగుళాలు సర్దుకుంటుంది. వాడు ఎదిగాక వేసుకుంటాడో, నవ్వి పక్కన పెడతాడో వాడిష్టం. బీరువాలో మాత్రం ఒకటుంటుంది.