ఎండ ముదిరితే వోల్టేజి ఎందుకు తగ్గింది?

కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర గని, శకునాల ఊళ్ల భూముల్లో 2017లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. అప్పుడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు హైస్కూలుకు వచ్చేశారు. కంచె అవతలి ప్లేట్లను చూస్తూ పెరిగారే గానీ, వాటిని చేత్తో ముట్టుకున్నవాళ్లు తక్కువ. ఆ చుట్టుపక్కలే ఓ ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు ఆ కొరత తీరుస్తున్నారని తెలిసి వెళ్లాను.

వరండా బయట ఎండలో అరచేయంత సోలార్ ప్లేటు, దానికి రెండు వైర్లు, చివర మల్టీమీటరు. ఉదయం 6.5 వోల్టులు చూపించిన మీటరు మధ్యాహ్నానికి 6.1కి దిగింది. ‘‘ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ రావాల కదా, ఏమిటికి తగ్గె సార్?’’ అని ఓ పిల్లాడు అడిగాడు. మాస్టారు జవాబు చెప్పలేదు. ఓ తడిగుడ్డ ఇచ్చి ప్లేటు వెనకవైపు అద్దమన్నారు. అంకెలు ఒక్కొక్కటే పైకి జరిగాయి. ‘‘ఎక్కె, ఎక్కె!’’ అని అందరూ మీటరు మీదికి వంగారు. సిలికాన్ సెల్లుకు కావలసింది వెలుతురు, వేడి కాదు. ఒక్కో డిగ్రీ వేడికి ఒక్కో సెల్లు దాదాపు 2 మిల్లీవోల్టులు పోగొట్టుకుంటుంది. ఈ లెక్క ఆ తర్వాతే బోర్డు మీదికి వచ్చింది. ముందు ప్రశ్న, తర్వాత తడిగుడ్డ, ఆఖరున సూత్రం. ఈ వరుస నాకెంతో నచ్చింది.

ఒకమ్మాయి వాళ్ల నాన్న పార్కులో ప్లేట్లు కడిగే పనికి వెళ్తాడట. ఆ అమ్మాయి వేపాకు తెచ్చి ఒక సెల్లును పూర్తిగా కప్పింది. ప్లేటుకు కట్టిన చిన్న మోటారు ఠక్కున ఆగిపోయింది. సెల్లులన్నీ వరుసగా ఒకే తీగ మీద ఉంటాయి. పొలం పైపులో ఒక్కచోట రాయి అడ్డంపడితే చివరిదాకా నీళ్లు పారవు, ఇదీ అంతే. దుమ్ము కడగడం ఎంత విలువైన పనో ఆ అమ్మాయికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

సైన్స్ ప్రదర్శనల్లో రంగులేసిన థర్మోకోల్ గాలిమరలు చాలా చూశాను, బహుమతులు కూడా వాటికే వస్తాయి. ఈ బడిలోని గాలిమరకున్న పీవీసీ పైపు రెక్కలు వంకరటింకరగా ఉన్నాయి. కానీ వాటి కోణం మార్చినప్పుడల్లా మీటరులో అంకె మారుతుంది. ప్రతి హైస్కూలుకూ కావలసింది ఆ మీటరే.

చివరిది బకెట్ల ప్రయోగం. పాణ్యం దగ్గర పిన్నాపురంలో ఎండ, గాలి కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుకు ఇది చిన్న నమూనా. 2 మీటర్ల ఎత్తున సన్‌షేడ్ మీద 10 లీటర్ల బకెట్ పెట్టారు. అందులో దాగిన శక్తి 196 జౌళ్లు. ఫోనులోని 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది దాదాపు 70 వేల జౌళ్లు. అంటే నష్టాలేమీ లేవనుకున్నా, ఒక్క ఫోనుకు 350 బకెట్లకు పైనే! పిల్లలు ఆ భాగహారం మళ్లీ మళ్లీ చేసి చూసుకున్నారు.

‘‘అట్లయితే బకెట్‌ను ఇంకా పైన పెడితే సరిపోతాది కదా సార్’’ అన్నాడొకడు.

‘‘నీళ్లు ఎక్కించేదానికీ కరెంటు అంతే ఎక్కువ కావాల కదరా’’ అంది పక్కనున్న అమ్మాయి, పెన్సిలు పైకెత్తకుండానే.