గంటకు ముప్పై మిల్లీలీటర్లు

షిఫ్టు బస్సులు పాశమైలారం వైపు మళ్లే ఇస్నాపూర్ చౌరస్తాకు దగ్గర్లోనే ఆ ఆసుపత్రి. నేను వెళ్లేసరికి రాత్రి పది. ఆపరేషన్ అయిన పేషెంట్లను ఉంచే గదిలో సిస్టర్ మోకాళ్ల మీద కూర్చుని, మంచానికి వేలాడుతున్న యూరిన్ బ్యాగు గీతలు లెక్కపెడుతోంది. పైన మానిటర్ తన మానాన తాను కూస్తోంది.

మంచం మీదున్నది నారాయణఖేడ్ వైపు మనిషి, మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. తొడ ఎముక విరిగితే మధ్యాహ్నమే రాడ్ వేశారు. బరువు 60 కిలోలు. కిలోకు అర మిల్లీలీటరు లెక్కన గంటకు 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. చార్టులో ఎనిమిదింటికి 40, తొమ్మిదింటికి 25, పదింటికి 15.

సిస్టర్ ముందు దుప్పటి ఎత్తి గొట్టం చూసింది. తొడ కింద మడతపడి ఉంటే సగం గొడవ అక్కడే తీరుతుందట. మడత లేదు. అప్పుడు డాక్టరుకు ఫోన్.

ఆయన వచ్చి బీపీ, కట్టులో రక్తం, ఎక్కించిన సెలైన్ లెక్క చూశారు. ఆపరేషన్ ఒత్తిడికి ఒళ్లు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఒక గంట తగ్గితే కంగారు లేదు. వరసగా ఆరు గంటలు తగ్గితేనే కిడ్నీకి దెబ్బ తగిలినట్టు. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో 48 గంటల్లో 0.3 పెరిగినా అంతే. 2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల లెక్క ఇది. చిక్కేమిటంటే క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది. దానికంటే ముందు చెప్పేది ఆ బ్యాగే.

"ఏమన్నా గోలీలు వాడుతవా?"

"నడుం నొప్పికి రోజూ ఒకటేసుకుంట సారు. లేకుంటే డ్యూటీ చెయ్యరాదు."

కిడ్నీకి రక్తం తగ్గించే రకం గోలీ అది. చార్టులో రాసి ఉన్న అదే జాతి ఇంజెక్షన్‌ను డాక్టరు అక్కడికక్కడే కొట్టేశారు.

ఇక్కడ కిడ్నీ మాటెత్తితే అందరూ ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన నక్కవాగు నీళ్లే తలుచుకుంటారు. తలుచుకోరా మరి! 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేల్చారు. కానీ ఆ రాత్రి ఆ మంచం దగ్గర అనుమానం మెడికల్ షాపు గోలీ మీదే.

ఆపరేషన్‌కు ముందు అతని క్రియాటినిన్ 1.2. అది అతనికి మామూలేనా, అప్పటికే పెరిగిందా? పోల్చడానికి పాత కాగితం లేదు. ప్రమాదకర పనుల్లో ఉన్నవారికి ఏడాదికోసారైనా వైద్యపరీక్ష చేయాలని, ఆ రికార్డు కార్మికుడికి అందుబాటులో ఉంచాలని 1987లోనే ఫ్యాక్టరీల చట్టంలో 41-సి సెక్షన్ చేర్చారు. ఆ రికార్డు ఎక్కడుంటుందో ఇతనికి తెలియదు.

తెల్లారేసరికి మూత్రం గంటకు 45కి చేరింది. క్రియాటినిన్ 1.4.

ఆపరేషన్‌కు వెళ్లేవారు వాడుతున్న గోలీల అట్టలూ, పాత రక్తపరీక్షల కాగితాలూ బట్టల సంచిలోనే పెట్టుకుని వెళ్లండి.