ఊళ్లో చదవని రిపోర్టు

మే 17
మా సంస్థ బ్రోచర్ ఫోటోలకు బెంగళూరు నుంచి కుర్రాడొచ్చాడు. కుట్టు సెంటర్ పక్కింటి ఏడో తరగతి పిల్లను గోడవార నిలబెట్టి, "చెప్పులు తీసెయ్ పాపా, జడ కొంచెం చెదరనీ" అన్నాడు. వాళ్లమ్మకు ఒళ్లు మండింది. "ఫోటో అంటే పొద్దున్నే నూనె రాసి జడేసినా సార్. చింపిరి తల చూపిస్తే మమ్మల్నేమనుకుంటారు?" చెప్పులతోనే తీయమన్నాను. తీశాడు గానీ మొహం ముడుచుకున్నాడు. దిగులు మొహానికొచ్చినంత చందా నవ్వు మొహానికి రాదట. అబద్ధమని అనలేను.

హోమ్‌లో ఉండే పిల్లయితే 2015 జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఉంది, పేరూ ఫోటోలూ బయట పెట్టకూడదు. ఇంట్లో అమ్మానాన్నల దగ్గరుండే పిల్లకు అంత కాపలా లేదు. ఇంగ్లిషులో అచ్చేసిన కాగితం మీద తల్లి వేలిముద్ర పడితే చాలు.

మే 18
వార్షిక నివేదిక పని. లబ్ధిదారుల లెక్క చూస్తుంటే నవ్వొచ్చింది. ఒకే అక్క కుట్టు శిక్షణకొచ్చింది, పొదుపు మీటింగుకొచ్చింది, కంటి పరీక్షకొచ్చింది. మూడు రిజిస్టర్లలో సంతకాలు, కాబట్టి ముగ్గురు. ఇంటికి నలుగురని హెచ్చవేస్తే ఆమె ఒక్కతే పన్నెండు మంది. ఆమె కళ్లు పరీక్షిస్తే మొగుడికి ఏం కనబడుతుందో!

ఈ విద్య చిన్న సంస్థలదే కాదు. 2010 హైతీ భూకంపం తర్వాత అమెరికన్ రెడ్ క్రాస్‌కు దాదాపు 50 కోట్ల డాలర్ల విరాళాలొచ్చాయి. 1,30,000 మందికి పైగా ఇళ్లు కల్పించామని చెప్పుకుంది. 2015లో ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ విలేఖరులు వెళ్లి చూస్తే సంస్థ కట్టిన పక్కా ఇళ్లు ఆరు. ఇల్లు బాగుచేసుకోవడం ఎలాగో నేర్పే క్లాసుకొచ్చినవాళ్లూ, తాత్కాలిక గుడిసె దొరికినవాళ్లూ, అద్దె సాయం పొందినవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. సాయం అందలేదని కాదు. అందిన సాయానికి 'ఇల్లు' అని పేరు పెట్టడంలోనే ఉంది కిటుకంతా.

మే 23
సెక్రటరీ సారుతో వాదన. "నిజం రాస్తే ఫండ్ రాదమ్మా, ఫండ్ రాకపోతే ఆ అక్కలకు కుట్టు సెంటర్ ఉండదు" అంటారు. ఆయన దొంగ కాదు. జీతం ఆలస్యమైతే ముందు తనది ఆపుకునే మనిషి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆ డబ్బులో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. ఆఫీసు అద్దె, రిపోర్టులు రాసే ఖర్చు అన్నీ అందులోవే. అంటే లెక్క నిజాయితీగా రాయడానికి మనిషిని పెట్టుకుంటే అదే దండగ ఖర్చు. మీ రూపాయి మొత్తం పేదలకే అని బ్రోచర్‌లో వేయమనేది దాతలే. అది వేశాక మా జీతాలు ఏ గుడ్డ కింద దాచాలి?

మే 26
ఆన్‌లైన్‌లో పేదలకు చిన్న అప్పులిప్పించే కీవా సంస్థ సంగతి గుర్తొచ్చింది. వెబ్‌సైట్‌లో పేదరాలి ఫోటో, ఆమెకే మీ పాతిక డాలర్లు అప్పు ఇస్తున్నట్టు చూపేవారు. సాధారణంగా అప్పటికే అక్కడి భాగస్వామ్య సంస్థ ఆమెకు డబ్బిచ్చేసి ఉంటుందని 2009లో డేవిడ్ రూడ్‌మన్ అనే పరిశోధకుడు రాశాడు. కీవా సర్దుకుని, పద్ధతి అసలెలా నడుస్తుందో విడమరచి చెప్పింది. తర్వాత కూడా జనం అప్పులిస్తూనే వచ్చారు. సారుకు ఇది చెప్పాలి.

జూన్ 2
రిపోర్టు చిత్తుప్రతిని తెలుగులో రాసుకెళ్లి సంఘం మీటింగులో చదివాను. ఇందులో ఉన్నవాళ్లకు ఇది చదివి వినిపించగలమా అన్నది ఒక్కటే నాకిప్పుడు గీటురాయి. "చీకటి బతుకుల్లో మగ్గుతున్న మహిళలు" దగ్గర లీడరక్క ఆపింది. "మేమెప్పుడు మగ్గినాం? మీ సెంటర్ రాకముందు చెనిక్కాయ పీకేదానికి పోలేదా, పిల్లోళ్లను సదివించలేదా?" వెనక నుంచి ఇంకొకామె: "మూడు మిషన్లు మూలన పడినాయని రాసినారా మేడమ్?" ఫండర్ ఇచ్చిన ఫార్మాట్‌లో పాడైనవాటికి గడి లేదు. గంటన్నర పట్టింది. మగ్గడం పోయింది, పన్నెండు మంది ఒక్కరయ్యారు.

జూన్ 4
సారు పెన్సిల్‌తో మిషన్ల వాక్యం చుట్టూ సున్నా చుట్టి, చివరి పేజీకి జరపమన్నారు. సెంటర్ ఫోటో కిందే ఉండాలన్నాను. "ఫండర్ అడిగితే?" "అడగనీండి సార్, రిపేరు ఖర్చు కూడా అక్కడే అడుగుదాం." కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. రేపు మెకానిక్ దగ్గర కొటేషన్ తీసుకోవాలి.